నాలుగో రీలు

ఒటిలీ కెస్లర్ కొడుకు ఎమిల్ బతికింది పందొమ్మిది నెలలు. అందులో నిమిషంన్నర సేపు వాడు ఫిల్ము మీద ఉన్నాడు. ఆ నిమిషంన్నర ఫిల్మును కత్తిరించింది, అతికించింది నేనే, చివరికి పోగొట్టుకున్నవాళ్లలోనూ నేనొకతెను. అందుకని ఈ సంగతి చెప్పే బాధ్యత కూడా నాదే అనుకుంటున్నాను.

నా పేరు నోరా డెవ్లిన్. హడ్సన్ నది ఒడ్డున, కొండ మీద ఉన్న ఫోర్ట్ లీలో హోరేస్ ప్రాథర్ గారి సినిమా కంపెనీలో అతుకుల గదిలో పనిచేసేదాన్ని. ఎనిమిది మంది ఆడవాళ్లం తెల్ల చేతితొడుగులు వేసుకుని, బల్లల ముందు కూర్చుని, ఫిల్ము ముక్కలను జిగురుతో అంటించేవాళ్లం. ఆ జిగురు మగ్గిన పండు వాసన వేసేది. ఇంటికి వెళ్లి ఎంత కడుక్కున్నా జుట్టులోంచి పోయేది కాదు.

ఒటిలీ మా కంపెనీ నటి. తెర మీద ఆమె పేరు ఆలివ్ కేరూ. మాకు మాత్రం టిలీ. ఆమె భర్త మథియాస్ అదే కంపెనీలో వడ్రంగి. ఆమె ఏడ్వడానికి కావలసిన ఇళ్లను అతను కట్టేవాడని అందరూ వేళాకోళం చేసేవారు. మథియాస్ నవ్వేవాడు. అప్పట్లో బాగానే నవ్వేవాడు.

పందొమ్మిది వందల పదిహేను అక్టోబరులో ప్రాథర్ గారు ‘ఆమె గడపలో నీళ్లు’ అనే సినిమా మొదలుపెట్టారు. అయిదు రీళ్ల కథ. పిండిమర దగ్గర కాపురం, తాగుబోతు మొగుడు, వరద, ఉయ్యాలతో సహా కొట్టుకుపోయిన పసివాడు, వాడి శవాన్ని ఒళ్లో పెట్టుకుని తల్లి శోకం. పసివాడి కోసం మైనపు బొమ్మ తెప్పించారు.

దాన్ని చూసి ప్రాథర్ గారు పెదవి విరిచారు. “దీన్ని ఒళ్లో పెట్టుకుని ఏడిస్తే హాలంతా పడీపడీ నవ్వుతుంది. ఒటిలీ, మీవాణ్ణి ఓ పూట తీసుకురాకూడదూ?”

ఎమిల్‌కి అప్పుడు తొమ్మిది నెలలు. టిలీ సంతోషంగానే తెచ్చింది. మొదటి షాటులో వాడు వంటింటి నేల మీద కూర్చుని చెక్క బాల్చీని చెంచాతో కొట్టాలి. కెమెరా పక్కన మథియాస్ నిలబడి, సుత్తి నెత్తిన పెట్టుకుని వెర్రి మొహాలు పెట్టాడు. వాడు రెండు దెబ్బలు కొట్టి, తల తిప్పి, తండ్రిని చూసి పకపకా నవ్వాడు. కెమెరా తిప్పేవాడికి కూడా నవ్వాగలేదట.

రెండో షాటు మధ్యాహ్నం, మథియాస్ భోజనానికి వెళ్లినప్పుడు తీశారు. నిద్రపోతున్న పిల్లాడి మొహానికి తెల్ల పౌడరు దట్టంగా అద్ది, పెదాలకు కూడా పూసి, టిలీ ఒళ్లో పడుకోబెట్టారు. ఆమె ఏడ్చింది. షాటు అయ్యేసరికి మథియాస్ తిరిగొచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“బతికున్న బిడ్డకి చావు వేషమా? నీకు బుద్ధి ఉందా?” అన్నాడు.

“వేషమేగా, మథియాస్. కడిగితే పోతుంది.”

అతను పిల్లాణ్ణి ఎత్తుకుని, తన చొక్కా చేతితో వాడి మొహం తుడిచాడు. వాడు లేచి ఏడుపు అందుకున్నాడు.

సినిమా ఓ మోస్తరుగా ఆడింది. మూడు నెలల తర్వాత దాని డబ్బాలు గిడ్డంగి అరల్లోకి చేరాయి. కొత్త సినిమాల గొడవలో పడి మేమంతా దాన్ని మరిచిపోయాం.

ఆ మరుసటి వేసవిలో పిల్లల పక్షవాతం వచ్చింది. ముందు నదికి అవతల న్యూయార్కులో, తర్వాత మా వైపు. పదహారేళ్ల లోపు పిల్లల్ని సినిమా హాళ్లలోకి రానివ్వలేదు. పిల్లలతో పడవ దిగినవాళ్లను రేవులోంచే వెనక్కి పంపేవారు. ఆగస్టు రెండో వారంలో ఎమిల్‌కి జ్వరం తగిలింది. మూడో రోజుకు మెడ నిలవలేదు. అయిదో రోజు ఊపిరి ఆడలేదు. ఇంటి తలుపుకు ఆరోగ్యశాఖవాళ్లు అంటువ్యాధి అని రాసిన అట్ట కొట్టి వెళ్లారు కాబట్టి ఇరుగుపొరుగు ఎవరూ రాలేదు. మేమూ వెళ్లలేదు. మథియాస్ ఆ పెరట్లోనే పెట్టె తయారుచేశాడు. నేను రోడ్డుకు అవతల నిలబడి మేకులు కొట్టిన చప్పుడు విన్నాను. అంతకన్నా దగ్గరికి వెళ్లడానికి నాకు ధైర్యం చాల్లేదు.

సెప్టెంబరులో టిలీ అతుకుల గదికి వచ్చింది. మనిషి సగమైపోయింది. నా బల్ల పక్కన నిలబడి, మెల్లగా అడిగింది.

“నోరా, నాలుగో రీలు ఎక్కడుంది?”

“ఏ నాలుగో రీలు?”

“వాడున్నది. మా ఇంట్లో వాడి ఫొటో ఒక్కటి కూడా లేదు. రెండో పుట్టినరోజుకి తీయిద్దాంలే, ఇప్పుడు కుదురుగా కూర్చోడు అన్నాడు మథియాస్. నేనూ సరేనన్నాను.”

గిడ్డంగి నుంచి ప్రింటు తెప్పించి, ఫిల్ము వేసి పరీక్షించే గదిలో ఆమెకు ఆ రీలు వేయించాను. చెంచా షాటు రాగానే ఆమె లేచి తెర దగ్గరికి వెళ్లిపోయింది. మళ్లీ వేయమంది. మళ్లీ వేశాం. శోకం షాటు వచ్చినప్పుడు మాత్రం గోడవైపు తిరిగి నిలబడింది. నాలుగోసారి వేస్తుండగా తలుపు దగ్గర ప్రాథర్ గారు నిలబడి ఉండడం నేను చూశాను. ఆయన తెరను చూడడం లేదు. ఆమెను చూస్తున్నాడు.

పది రోజుల్లో ఆయన పథకం సిద్ధమైంది. సినిమాను మళ్లీ విడుదల చేస్తారు. ‘తెర మీద ఏడ్చిన తల్లి ఇంట్లోనూ ఏడ్చింది’ అని పోస్టర్లు వేస్తారు. పెన్సిల్వేనియా ఊళ్లన్నీ తిరిగి, ఆట చివర టిలీ వేదిక మీదికి వచ్చి నాలుగు మాటలు చెప్పాలి.

ఈ మాట వింటే టిలీ ఆయన మొహం మీద ఉమ్మేస్తుందనే ఎవరైనా అనుకుంటారు. కానీ ఆయన ఏ మాట అనాలో తెలిసిన మనిషి.

“రోజుకి మూడు ఆటలు, ఒటిలీ. మూడుసార్లూ నువ్వు వాణ్ణి చూసుకోవచ్చు” అన్నాడు.

ఆ సాయంత్రం వాళ్లింట్లో గొడవ జరిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ప్రింటు బాగోగులు చూడడానికి నన్ను కూడా వెంట పంపుతున్నారు కాబట్టి టిలీయే పిలిచింది.

“వాణ్ణి నా చేతుల్తో పెట్టెలో పెట్టి మేకులు కొట్టాను. నువ్వు మళ్లీ బైటికి తీసి ఊరూరా చూపిస్తానంటావా?” అన్నాడు మథియాస్.

“నువ్వు పెట్టెలో పెట్టావు. నాకు చూసుకోడానికి ఏం మిగిల్చావు?”

“జనం పాప్‌కార్న్ తింటూ చూస్తారే!”

“తిననీ. నేను వాళ్లని చూడను కదా.”

మేము బయల్దేరిన రోజు అతను స్టేషనుకు రాలేదు.

జనవరి నుంచి బొగ్గుగనుల ఊళ్లు తిరిగాం. రైలు, అద్దెగది, క్యాబేజీ సూపు, హాలు. మర్నాడు మళ్లీ రైలు. గనివాళ్ల భార్యలు శాలువాలు కప్పుకుని వచ్చి, తమ పిల్లల్ని తలుచుకుని ఏడ్చేవారు. ఏ ఇల్లూ పిల్లల చావు ఎరగనిది కాదక్కడ. ఆట అయ్యాక టిలీ నల్లగౌనులో వేదిక మీదికి వచ్చి, ప్రాథర్ గారు రాసిచ్చిన మాటలు అప్పజెప్పేది: “అమ్మలారా, మీరు తెర మీద చూసింది నటన. నా ఇంట్లో జరిగింది నిజం.” మొదటి వారం గొంతు వణికేది. నెల తిరిగేసరికి అది పాఠమైపోయింది. ఏ మాట దగ్గర ఎన్ని క్షణాలు ఆగాలో కూడా కుదిరిపోయింది.

ఆమెకు కావలసింది వేదిక కాదు, చెంచా షాటు. తెర పక్కనే, తెరగుడ్డను ఆనుకుని నిలబడి చూసేది. అంత దగ్గర్నుంచి చూస్తే మొహం కనబడదు, వెలుగుమచ్చలే. వెనక్కి రమ్మని నేను చేయి పట్టుకుని లాగేదాన్ని.

అన్నిసార్లు ఆడితే ఫిల్ము నలుగుతుంది. అంచు కన్నాలు చిరుగుతాయి. చిరిగినచోట రెండు మూడు బొమ్మలు కత్తిరించి మళ్లీ అతికించడమే నా పని. ఫిబ్రవరి చివర్లో ఒకరోజు ఆమె అడిగింది.

“నోరా, వాడు రెండు దెబ్బలు కొట్టాక తల తిప్పేవాడు. ఇవాళ ఒక్క దెబ్బకే తిప్పాడు. ఎందుకని?”

నిజమే చెప్పాను. “చిరిగింది, టిలీ. కొంత తీసెయ్యాల్సి వచ్చింది.”

“తీసింది ఏం చేశావు?”

“నీళ్ల బకెట్లో వేసి పారబోశాను. అలాగే చెయ్యాలి. లేకపోతే నిప్పంటుకుంటుంది.”

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. “మిగతాది జాగ్రత్తగా చూడు” అంది, అంతే. అప్పటినుంచి ఏ ఊరు వెళ్లినా ఆట మొదలయ్యే ముందు సినిమా యంత్రం నడిపే ఆపరేటర్ దగ్గరికి వెళ్లి, ఆ షాటు వచ్చినప్పుడు యంత్రాన్ని కాస్త మెల్లగా తిప్పమని బతిమాలేది. చేత్తో తిప్పే యంత్రాలే కదా. చాలామంది కుదరదనేవారు.

మార్లో గ్యాప్ అనే ఊళ్లో ఈవన్ ప్రాసర్ కుదరదనలేదు. అతను వేల్స్ నుంచి వచ్చినవాడు, యాభై దాటిన మనిషి. గనిలో కాలు నలిగిపోయాక సినిమా హాల్లో ఆపరేటర్‌గా చేరాడు. మనిషి సరదా. నన్ను చూడగానే, “ఈ ఐరిష్ పిల్ల అతుకులు మా ఆవిడ కుట్లకన్నా నయం” అన్నాడు. టిలీ అడిగింది విన్నాక మాత్రం నవ్వు ఆపేశాడు.

“మెల్లగా తిప్పితే పిల్లాడు ఎక్కువసేపు ఉంటాడు. అంతేనామ్మా నువ్వడిగేది?”

“అంతే.”

“మా ఇద్దరు ఆడపిల్లలూ ఒకే వారంలో పోయారు. గొంతు వాచి, ఊపిరాడక. మాకు ఈపాటి కూడా మిగల్లేదు.” యంత్రం పక్క తలుపు తెరిచి, లోపలి రేకు చూపించాడు. “ఒక చిక్కుంది. వేగం తగ్గితే ఈ ఇనపరేకు దానంతటదే పడిపోతుంది, దీపం వేడి ఫిల్ముకి తగలకుండా. దీన్ని కట్టెయ్యాలి.”

జేబులోంచి సన్నటి తీగ తీసి రేకును పైకి కట్టాడు. నేను అక్కడే ఉన్నాను. ఫిల్ము ఎంత తొందరగా అంటుకుంటుందో నాకన్నా తెలిసినవాళ్లు లేరు ఆ గదిలో. అయినా నేను నోరెత్తలేదు. టిలీ మొహం అంత తేటగా ఉండడం నేను ఎన్నో నెలల తర్వాత చూశాను.

రెండు రోజులు బాగానే జరిగింది. మూడో రోజు శనివారం మధ్యాహ్నం ఆట. హాల్లో రెండు వందల పైన జనం. చెంచా షాటు వచ్చింది. ఎమిల్ నిదానంగా, నీళ్లలో ఉన్నట్టు, చెయ్యి ఎత్తాడు. తల తిప్పాడు. నవ్వు మొదలైనచోట బొమ్మ ఆగిపోయింది. నా అతుకే ఏదో యంత్రంలో ఇరుక్కుని ఉంటుంది. బుగ్గ మీద గోధుమరంగు బుడగ ఒకటి లేచి, విచ్చుకుని, మొహమంతా పాకింది. ఆ తర్వాత తెల్లటి తెర.

వెనక యంత్రం గదిలో భగ్గుమన్న చప్పుడు. ప్రాసర్ గది కిటికీ రేకులు ఒకదాని తర్వాత ఒకటి దబదబా పడ్డాయి. లోపలినుంచి అతనే వాటిని దించాడు, మంట హాల్లోకి రాకుండా. ఆ పనిలో ఉండబట్టి తన తలుపు దగ్గరికి చేరలేకపోయాడు. జనం తోసుకుంటూ వీధిలోకి పడ్డారు. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. టిలీ మాత్రం జనానికి ఎదురుగా ఆ గది వైపు పరిగెత్తింది. ఇద్దరు మగవాళ్లు పట్టుకుంటే గింజుకుంటూ అరిచింది.

“రీలు! రీలు తియ్యండి! ఎవరైనా రీలు తియ్యండి!”

ప్రాసర్‌ను బయటికి తెచ్చేసరికి బతికే ఉన్నాడు. మూడో రోజు పొద్దున పోయాడు.

మరణ విచారణకు ముందురోజు ప్రాథర్ గారు రైలు దిగారు. హాలు యజమానితో అంతకుముందే మాట్లాడుకున్నట్టుంది. ఆపరేటర్ తాగి ఉన్నాడు, తన బద్ధకంతో తనే రేకు కట్టేసుకున్నాడు అని చెబుతారు. అప్పుడు హాలుకూ కంపెనీకీ ఏ పూచీ ఉండదు. మమ్మల్ని అద్దెగది ముందు వరండాలో కూర్చోబెట్టి, ఆయన టిలీతో అన్నాడు.

“నెగెటివ్ నా గిడ్డంగిలో భద్రంగా ఉంది. ఆ సీను కొత్త ప్రింటు తీయించి నీ చేతిలో పెడతాను. ఒక్క అతుకు ఉండదు. రెండు దెబ్బలూ ఉంటాయి. నువ్వు చెయ్యాల్సిందల్లా, తీగ సంగతి నాకు తెలీదు అనడం.”

“మరి నోరా?”

“డెవ్లిన్ తెలివైన పిల్ల. ఉద్యోగం కావాలనుకునే పిల్ల.” ఆయన నావైపు తిరిగి నవ్వాడు. నేను తలదించుకున్నాను.

మధ్యాహ్నం టిలీ నన్ను వెంటబెట్టుకుని ప్రాసర్ ఇంటికి వెళ్లింది. అతని భార్య గ్వెన్ మమ్మల్ని కూర్చోమంది, టీ ఇచ్చింది. చావుకు వచ్చినవాళ్ల కప్పులు కడుగుతూనే మాట్లాడింది.

“ముప్పై ఏళ్లు గనిలో దీపం పట్టుకు తిరిగిన మనిషి. నిప్పంటే ఏంటో ఆయనకి తెలీదా? చర్చిలో ఒట్టేసినప్పట్నుంచి చుక్క ముట్టలేదు. ఇప్పుడు తాగుబోతంటున్నారు. రేపు ఆ మాట కాయితం మీద రాస్తారట.” కప్పు తుడుస్తూ టిలీ వైపు చూసింది. “నిప్పంటుకున్న ముందురోజు రాత్రే మీ గురించి చెప్పాడు. పాపం, ఆ తల్లికి కాస్త సాయం చేశాను గ్వెన్ అన్నాడు. ఏం సాయం అంటే చెప్పలేదు. మీకేమన్నా తెలుసా?”

టిలీ టీ కప్పు బల్ల మీద పెట్టింది. “రేపు చెప్తాను” అంది.

మర్నాడు పొద్దున అద్దెగది మెట్ల మీద ఆమె నా పక్కన కూర్చుంది.

“నేను అరిచింది విన్నావుగా?”

“విన్నాను.”

“లోపల మనిషి ఉన్నాడని నాకు తెలుసు, నోరా. తెలిసే రీలు కోసం అరిచాను.”

“నీకు అప్పుడు ఒళ్లు తెలీలేదు.”

“తెలుసు. నాకు అన్నీ తెలుసు.” లేచి గౌను దులుపుకుంది. “వాడి మొహం కొత్త ప్రింటులో చూస్తాను సరే. చూసిన ప్రతిసారీ ఆ ముసలాయన కూడా కనబడడూ?”

విచారణ గదిలో ఆమె మూడు వాక్యాల్లో చెప్పేసింది. మెల్లగా తిప్పమని అడిగింది తను. తీగ కట్టింది తన కోసం. ఆ మనిషి నోట మందు వాసన లేదు. నల్లగౌనే, అదే గొంతు. కానీ ఎక్కడ ఆగాలో ఆమెకు ఈసారి తెలియలేదు. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. తర్వాత నన్ను అడిగారు. అవును, నేనూ చూశాను అన్నాను. ఆమె చెప్పాకే నాకు నోరు పెగిలింది. ముందు నన్ను పిలిచి ఉంటే ఏం చెప్పేదాన్నో ఇప్పటికీ నాకు తెలియదు.

ప్రాసర్ తాగుబోతు కాడని, హాల్లో జనాన్ని కాపాడింది అతనేనని కాగితం మీద రాశారు. బయటికి వస్తుంటే గుంపులో ఒకామె టిలీ కాళ్ల ముందు ఉమ్మింది. గ్వెన్ టిలీ దగ్గరికి వచ్చింది. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టలేదు, ఓదార్చలేదు. “చెప్పావు” అని ఒక్క మాట అని వెళ్లిపోయింది.

ప్రాథర్ గారు బండి ఎక్కుతూ అన్నారు. “నా ఎదురుగా రాకు, ఒటిలీ. నీ కొడుకుని చూడాలనుంటే ఇక ఆకాశంలోకి చూసుకో.”

మేము రైలు దిగేసరికి ప్లాట్‌ఫారం మీద మథియాస్ నిలబడి ఉన్నాడు.

“పేపర్లో చదివాను” అన్నాడు.

“కోపంగా ఉందా?”

“సంచి ఇటివ్వు.”

టిలీ మళ్లీ ఏ సినిమాలోనూ కనబడలేదు. కొంతకాలం కుట్టుపని చేసింది, తర్వాత ఒక చాకలిశాలలో చేరింది. నన్ను ఇంకో కంపెనీవాళ్లు తీసుకున్నారు. యుద్ధం వచ్చింది, బొగ్గు కరువొచ్చింది, ఆ వెనకే విషజ్వరం. వెలుతురు కోసం గాజుతో కట్టిన స్టూడియోలు ఒక్కొక్కటే చల్లబడిపోయి, కంపెనీలన్నీ కాలిఫోర్నియా దారి పట్టాయి. పందొమ్మిది వందల పందొమ్మిది మార్చిలో ప్రాథర్ కంపెనీ మూతపడిందని విన్నాను. ఆ మధ్యాహ్నమే గిడ్డంగికి పరిగెత్తాను. దొంగిలించైనా సరే ఆ నెగెటివ్ తెచ్చి ఆమెకు ఇవ్వాలని.

కాపలాదారు నన్ను గుర్తుపట్టాడు. “ఆలస్యమైంది, డెవ్లిన్. గురువారం లారీ వచ్చి మొత్తం ఊడ్చుకుపోయింది. న్యూఆర్క్‌లో పాత ఫిల్ములోంచి వెండి తీసే ఫ్యాక్టరీ ఉందట.”

మర్నాడు అక్కడికీ వెళ్లాను. ఫోర్‌మన్ మంచివాడే, లోపలికి రానిచ్చాడు. పెద్ద పెద్ద తొట్లలో సోడా కలిపిన వేడినీళ్లు. వాటిలో ఫిల్ము నానబెడితే బొమ్మ కరిగిపోతుంది, అడుగున వెండి దిగుతుంది. మిగిలిన ఫిల్మును బూట్లకు మెరుపునిచ్చే వార్నిష్‌లో కలుపుతారట. ఆరబెట్టిన కుప్ప ఒకటి చూపించాడు. ఒక చుట్ట తీసి వెలుగుకు ఎత్తి చూశాను. అంచున కన్నాలు ఉన్నాయి. మధ్యలో బొమ్మకు బదులు, ఫిల్ము గుండా కిటికీ అవతలి పెరడు కనిపించింది. ఇంకో చుట్ట తీశాను. ఇంకొకటి. ఫోర్‌మన్ కాసేపు ఓపిక పట్టి, “అన్నీ అంతేనమ్మా” అన్నాడు.

ఆదివారం వాళ్లింటికి వెళ్లి చెప్పాను. టిలీ బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. మథియాస్ కిటికీ చట్రానికి రంగు వేస్తున్నాడు.

“నీ కళ్లతో చూశావా?” అంది.

“చూశాను.”

“ఏమీ లేదా?”

“ఏమీ లేదు, టిలీ.”

చేతిలో దుంపను అటూ ఇటూ తిప్పి, మిగిలిన చెక్కు కూడా తీసి, గిన్నెలో వేసింది. మథియాస్ కుంచె కడిగి, చేతులు తుడుచుకుని వచ్చి, నాకోసం కుర్చీ లాగాడు. “కూర్చో, నోరా. తినేసి వెళ్లు” అన్నాడు.

తిన్నాను. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆదివారం భోజనం వాళ్లింట్లోనే చేశాను. వాళ్లిద్దరూ మళ్లీ సినిమా హాలు గుమ్మం తొక్కలేదు. నేను అప్పుడప్పుడు వెళ్లేదాన్ని. వెళ్లినట్టు వాళ్లతో చెప్పేదాన్ని కాదు.